తలుపు దగ్గరి జనరల్

తలుపు కాచెడు వాడును తలచినంత
తానె తలుపులు తెరచెడు దైవరాయ!
బొంకు టోపీల బరువును పూనువాని
గరుణ గాపాడి నవ్వించు కమలనాభ!

ధరణిలో సేనాధిపత్యం మూడు మార్గాలలో సిద్ధిస్తుంది. శత్రువును గెలిచి పొందడం మొదటిది. పైవారి ముందు వంగి వంగి, నడుము శాశ్వతంగా వంగిపోయాక పొందడం రెండవది. ఈ రెండింటికీ ముప్పై నలభై యేళ్ళు పడుతుంది. మూడవది కుట్టుపని వల్ల కలిగే సేనాధిపత్యం. ఇది ఒక్క ఉదయంలో లభిస్తుంది, రక్తపాతం ఉండదు, నెలకొకసారి ఉతికితే చాలు.

జగిత్యాల దగ్గరి పల్లెనుండి ఖతార్ దేశం చేరిన లస్మయ్యను వరించినది ఈ మూడవదే.

దోహాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటలుకు లస్మయ్య ద్వారపాలకుడు. తొమ్మిదేళ్ళుగా అద్దాల తలుపు తీస్తున్నాడు, వేస్తున్నాడు. ఆ హోటలు యజమానికి ఒక సిద్ధాంతం ఉండేది. తలుపు తీసేవాడు సేనాపతిలా కనిపిస్తే, లోపలికి వచ్చేవాడు తానే చక్రవర్తినని భ్రమపడి బేరమాడకుండా గది తీసుకుంటాడని. అందువల్ల లస్మయ్యకు పాలనురుగువంటి తెల్లకోటు ప్రసాదించాడు. దానికి రెండు వరుసల ఇత్తడి గుండీలు, భుజాలనుండి జలపాతాల్లా జారే బంగారు కుచ్చులు, రొమ్ముకు అడ్డంగా ఎర్రపట్టీ, తలకు జరీతీగ అల్లిన ఎత్తైన టోపీ. ఏ యుద్ధంలోనూ గెలవని పతకాలు నాలుగు ఎడమవైపున వేలాడుతుండేవి. కోటు హోటలు సొత్తు, పతకాలు హోటలు సొత్తు. ముఖమూ మీసమూ మాత్రం లస్మయ్య స్వంతం.

ఆ కోటును ఇస్త్రీ చేసేవాడు గౌస్ మొహియుద్దీన్. కోరుట్ల మనిషి, హోటలు లాండ్రీలో ఉద్యోగం, బర్వా అల్ బరాహా కార్మికవాడలోని కంపెనీ గదిలో లస్మయ్య మంచానికి పైమంచం ఆయనదే. ఒకనాటి ఉదయం కొత్తగా ఇస్త్రీ చేసిన కోటు లస్మయ్య ఒంటిమీద తళతళలాడుతుంటే, తన పనితనానికి తానే మురిసి గౌస్ ఒక ఫొటో తీశాడు. ఆ ఫొటోను లస్మయ్య తన ఇల్లాలు రాజవ్వకు పంపాడు. ఇంతవరకు జరిగినదానిలో పాపం లేశమైనా లేదని ఈ కథకుడు సాక్ష్యమిస్తున్నాడు.

రాజవ్వ ఆ ఫొటోను ఇద్దరికి చూపింది. ఆ ఇద్దరూ చాయ్ దుకాణం దాకా మోసుకుపోయారు. అక్కడ తర్కశాస్త్రం ప్రకారం విచారణ సాగింది. కానిస్టేబులు భుజం బోడి. ఎస్సై భుజాన రెండు నక్షత్రాలు. సీఐకి మూడు. నక్షత్రాలు దాటి కుచ్చులు వేలాడుతున్నాయంటే అది పోలీసు శాఖ పరిధిని ఏనాడో దాటిపోయిన ఉద్యోగం. జిల్లా కలెక్టరుకైనా కుచ్చులున్నాయా? లేవు. అందుచేత మన లస్మయ్య దుబాయ్ మిలిటరీలో జనరల్ అయి ఉండాలని మాజీ వార్డు సభ్యుడు తీర్పు చెప్పాడు. ఖతార్ వేరు, దుబాయ్ వేరు అని ఒకరు అనబోతే, సైన్యం సంగతి మాట్లాడుతుండగా భూగోళం తేవద్దని మందలించారు. వారం తిరిగేసరికి బస్టాండు దగ్గర పన్నెండు అడుగుల ఫ్లెక్సీ వెలసింది. ఆకాశంలో విమానాలు, నేలమీద ఒంటెలు, నడుమ లస్మయ్య, కింద నమస్కరిస్తున్న ఇరవైరెండు మంది దాతల ముఖాలు.

ఆ ఫ్లెక్సీ ఫొటో తన ఫోనుకు చేరగానే లస్మయ్య ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పేయమన్నాడు. రాజవ్వ తొందరపడలేదు.

"మహిళా సంఘంల ఇన్నొద్దులు నేల మీద కూసున్న. ఇప్పుడు కుర్చీ ఏస్తున్నరు. నువ్వు జనరల్‌వా కాదా అని నిన్ను ఎవ్వలు అడుగుతలేరు గద. అడగనిదానికి జవాబు చెప్పుడెందుకు? గమ్మునుండు."

లస్మయ్య గమ్మునున్నాడు. లోకంలో అబద్ధాలలో సగం పలికినవి కావు, పలకకుండా మింగినవి. అయితే మింగినది కడుపులో ఊరకుండదు. హోటలు యూనిఫాం ఫొటోలు బయటికి పంపరాదని, దానితో సొంత గొప్పలు చెప్పుకోరాదని డ్యూటీ మేనేజరు అర్ఫాత్ తలుపు వెనుక నాలుగు భాషల్లో అంటించి ఉంచాడు. తప్పినవాడికి మరుసటి విమానంలో సీటు. గుట్టు బయటపడితే ఇక్కడ తలుపు పోతుంది, అక్కడ కుర్చీ పోతుంది. లస్మయ్య బతుకంతా ఇప్పుడు ఆ ఒక్క గుట్టుమీద నిలిచింది.

ఇలా ఉండగా ఫ్లెక్సీ ఫొటో ఎడారి దాటి తిరిగివచ్చి, ఎడారి తెలుగు మహామండలి ప్రధాన కార్యదర్శి విజయరత్నంగారి ఫోనులో వాలింది. వారిది అమలాపురం దగ్గర. మెసయీద్‌లో ఒక కర్మాగారంలో ఆఫీసు ఉద్యోగం, ఆదివారాలలో ప్రార్థన, శుక్రవారాలలో పరిపాలన. ఆ మహామండలికి మామూలు కార్యవర్గం చాలక మంత్రివర్గం ఉండేది. కూరలు పురమాయించేవారు ఆహారమంత్రి. మైకు తెచ్చేవారు సాంస్కృతికమంత్రి. వ్యాను ఉన్న కారణంగా ఒకరు రవాణామంత్రి. రక్షణశాఖ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. కిందటి ఉగాది విందులో బిర్యానీ సరిహద్దు వద్ద రక్షణరేఖ తెగిపోయి, టోకెన్లు లేని మూకలు మూడు దిక్కులనుండి చొరబడగా, అప్పటి రక్షణమంత్రి గరిటెతో పోరాడి, చొక్కా పోగొట్టుకుని, ఆ రాత్రే రాజీనామా చేశాడు.

ఇప్పుడు సాక్షాత్తు జనరలే దొరికితే వేరే మంత్రి ఎందుకు? విజయరత్నం ఊరివారిని అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాడు.

ఆ సమయంలో లస్మయ్య కంపెనీ బస్సులో ఇద్దరు నేపాలీల నడుమ ఇరుక్కుని నిలబడి ఉన్నాడు. "జనరల్ గారేనాండీ?" అని వినబడగానే నోరు ఎండి, "ఆఁ, చెప్పుండ్రి" అన్నాడు. అంతకుమించి మాట రాలేదు. ఎంత మితభాషణమని విజయరత్నం పరవశించాడు. వెనకనుంచి బెంగాలీ, నేపాలీ, మలయాళం కేకలు వినబడితే, జనరల్‌గారి చేతికింద బహుజాతి దళాలున్నాయని గ్రహించాడు. కలుసుకుందామంటే లస్మయ్య వద్దన్నాడు. ఎందుకని అడగక ముందే, "భద్రతా కారణాలు, అర్థమైంది లెండి" అని విజయరత్నమే సమాధానం కూడా సమకూర్చాడు. అలా మూడు ఫోన్లలో, ఒక్క పూర్తి వాక్యమైనా పలకకుండా, లస్మయ్య రక్షణమంత్రి అయ్యాడు. చరిత్రలో ఇంత శాంతియుతంగా అధికారం చేతులు మారిన సందర్భాలు అరుదు.

విజయరత్నం అక్కడితో ఆగలేదు. జనరల్‌గారు తనకు ఆప్తులని మహామండలిలో చెప్పసాగాడు. అల్ అజీజియాలో వారి విల్లా ఉందన్నాడు. తరువాతి వారం ఆ విల్లాలో తాను కాఫీ తాగాడు. ఆ పై వారానికి కాఫీ భోజనమయింది. చివరికి ప్రతి శుక్రవారం జనరల్‌గారు తనకు స్వయంగా వడ్డించే స్థాయికి స్నేహం ముదిరింది.

ప్రమాణస్వీకారానికి ఒక శుక్రవారం మధ్యాహ్నం నిశ్చయించి, ఫోనులో జనరల్‌గారి "ఆఁ" కూడా పొంది, దోహాలోకెల్లా ఘనమైన హాలును ఎంచుకున్నారు. ఏ హోటలులో? వినేవారు ఊహించే ఉంటారు. దైవానికి హాస్యప్రియత్వం ఉన్నదనడానికి ఇంతకన్న రుజువు శాస్త్రాల్లో వెతకనక్కరలేదు.

లస్మయ్య సెలవు అడిగాడు. రెండువందల మంది అతిథులు వచ్చేరోజున తలుపు దగ్గర మనిషి లేకపోతే ఎలాగని అర్ఫాత్ నిరాకరించాడు. గదిలో ఈ మాట విన్న గౌస్ పైమంచం మీద పడి నవ్విన నవ్వుకు కిందిమంచం ఊగింది.

"లస్మన్నా, ఇగ తప్పదు. నీ పెండ్లికి నువ్వే తలుపు తీయాలె. ఫోను బంద్ వెట్టు, టోపీ కిందికి గుంజు, ఖుదా పేరు తల్చుకో. అయినా నిన్ను జనరల్ జేసింది వాళ్ళు గాదు, నా ఇస్త్రీ పెట్టె. దానికేం శాలువ లేదా?"

ఆ శుక్రవారం వచ్చింది. లస్మయ్య ఫోను ఆపి టోపీలో దాచుకున్నాడు. ద్వారం దగ్గర ఫోను నిషిద్ధం కనుక ద్వారపాలకులందరికీ టోపీయే బొక్కసం. అంతలో రవాణామంత్రి వ్యాను వచ్చి ఆగింది. అందులోనుండి ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ దిగింది. దానిమీద లస్మయ్య నవ్వుతున్నాడు. దాని పక్కన విజయరత్నం, ఆయన భార్య సుకుమారి, నలుగురు మంత్రులు దిగారు. లస్మయ్యకు చెమటలు కారి కాలరు తడిసింది. ఇంకొక్క అడుగు, ఇంకొక్క చూపు, ఇక విమానమే అనుకున్నాడు.

విజయరత్నం నేరుగా అతని ఎదుటికి వచ్చాడు.

"ఇదిగో బాబూ, తెలుగువాడివేనా? మంచిది. ఆ రెండో తలుపు కూడా తీసి, ఈ ఫ్లెక్సీ ఓ చివర పట్టుకో. మెల్లగా. జనరల్ గారి మీసం గీసుకుపోగలదు."

లస్మయ్య తన మీసం గీసుకుపోకుండా తానే పట్టుకుని, తనను తానే లోపలికి మోసుకుపోయాడు. నలుగురు మంత్రులలో ఒక్కరికీ సందేహం కలగలేదు. అదే కోటు, అవే కుచ్చులు, అదే ముఖం. కాని ఫ్లెక్సీ మీద ఉన్నవాడిని చూడాలి, తలుపు దగ్గర ఉన్నవాడిని దాటాలి. ఇది నాగరికత మనుషుల కళ్ళకు నేర్పిన మొదటి పాఠం. సుకుమారి మాత్రం ఒక్క క్షణం ఆగి, ఈయన్ని ఎక్కడో చూసినట్టుందండీ అన్నది. తలుపు దగ్గరే చూసి ఉంటావు, యూనిఫాం వేస్తే అందరూ ఒక్కలాగే ఉంటారని భర్త ఆమెను ముందుకు నడిపించాడు.

ఆ పిమ్మట స్వాగత సంఘం ద్వారం దగ్గర బారులు తీరింది. విజయరత్నం గజమాలతో నిలబడ్డాడు. పావుగంట గడిచింది. దండ బరువుకు చేతులు లాగి, కాస్త పట్టుకోమని లస్మయ్యకిచ్చాడు. మరో పావుగంట తరువాత, జనరల్‌గారు కూడా దాదాపు నీ ఎత్తే ఉంటారని చెప్పి, కొలత చూడడానికి దండను లస్మయ్య మెడలో వేసి, చాలా బాగా సరిపోయిందని సంతోషించి, తిరిగి తీసేశాడు. నల్లని పెద్దకారు వచ్చిన ప్రతిసారీ బృందం ముందుకు ఉరికేది. లస్మయ్య కారు తలుపు తీసేవాడు. ఎవరో పెళ్ళికొడుకు దిగేవాడు. ఇరవై సార్లు ఫోన్ చేశారు. ఇరవై సార్లూ అది ఆగి ఉంది.

గంటన్నర గడిచేసరికి లోపల రెండువందల మంది బిర్యానీ వాసన పీలుస్తూ అసహనంగా కదలసాగారు. రక్షణమంత్రి లేనిదే విందు మొదలుపెట్టరాదు. పెడితే ఉగాది పునరావృతమవుతుంది. విజయరత్నం ముఖం వాడిపోయింది. ఆయన చూపు అటూ ఇటూ తిరిగి, ఆ పూట తొలిసారిగా లస్మయ్య కోటు మీద నిలిచింది. ముఖం మీద కాదు, కోటు మీద. భుజంపట్టి ఓ స్తంభం చాటుకు తీసుకుపోయాడు.

"నువ్వో సాయం చెయ్యాలి. ఒక్క పావుగంట జనరల్‌గా కూర్చోవాలి. మాట్లాడకూడదు, కూర్చోవడమే."

లస్మయ్య టోపీ సర్దుకున్నాడు. "నేను జనరల్ లెక్క కనవడ్తనా సార్?" అని మాత్రం అడగగలిగాడు.

విజయరత్నం రెండడుగులు వెనక్కువేసి, తల పక్కకు వంచి పరిశీలించి పెదవి విరిచాడు. "నిజం చెప్పాలంటే కనబడవు. ఆయన ముఖంలో ఓ తేజస్సు ఉంటుంది. వారం వారం వారింట్లో భోంచేస్తున్నవాణ్ణి, నాకు తెలుసు. పోనీలే, టోపీ కిందికి లాక్కుంటే దూరానికి తెలీదు."

తలుపు వదిలి వస్తే ఉద్యోగం పోతుందని లస్మయ్య మొరపెట్టుకున్నాడు. విజయరత్నం వెళ్ళి అర్ఫాత్‌ను అడిగాడు. హాలు తీసుకున్న అతిథి జనరల్‌గా ఉండమంటే జనరల్‌గా ఉండాలి, ఒంటెగా ఉండమంటే ఒంటెగా ఉండాలి, అదీ డ్యూటీయే, యల్లా, కదలమని అర్ఫాత్ ఆజ్ఞాపించాడు. ఈ విధంగా, తాను కాని జనరల్ స్థానంలో, తానే నకిలీ జనరల్‌గా, ఉన్నతాధికారి అనుమతితో లస్మయ్య నియమింపబడ్డాడు. లోకంలో నకిలీలు అసలుగా చలామణీ కావడం చూశాం. నకిలీకి నకిలీగా అదే మనిషి వెళ్ళడం ఇదే మొదలు.

వేదికమీద లస్మయ్య తన ఫ్లెక్సీ ముందు కూర్చున్నాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. విజయరత్నం మైకు పట్టుకుని జనరల్‌గారి జీవితాన్ని వర్ణించాడు. మంచుకొండల్లో ముట్టడి, ఇసుకతుఫానులో విజయం, అల్ అజీజియా విల్లాలో తనకు వడ్డించిన చేపల పులుసు. లస్మయ్యకు అలవాటు తప్పలేదు. ఎవరు వేదికమీదికి వచ్చినా లేచి, వంగి, చేయిచాచి దారి చూపాడు. పూలగుత్తి తెచ్చిన ముసలామెకు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఇంతటి హోదాలో ఇంతటి వినయమా అని ముందు వరుస కళ్ళు తుడుచుకుంది. మన మంత్రులూ ఉన్నారు ఎందుకు, అని వెనక వరుస గొణిగింది.

ఆ తరువాత ప్రమాణం చేయించారు. మహామండలి భోజనశాల ద్వారం దగ్గర నిలబడతాననీ, టోకెన్ ఉన్నవారిని నవ్వుతూ లోపలికి పంపుతాననీ, లేనివారిని నవ్వుతూనే ఆపుతాననీ, ముసలివారిని ముందు, దొంగచాటువారిని వెనుక ఉంచుతాననీ అందులో ఉంది. వింటూ ఉండగానే లస్మయ్య వెన్ను నిటారయింది. తొమ్మిదేళ్ళుగా తాను చేస్తున్నది రక్షణమంత్రిత్వమేనని అతనికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

వేదిక దిగి నేరుగా భోజనశాల తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు సాగిన బారును మహామండలి ఇప్పటికీ చెప్పుకుంటుంది. తోపులాట లేదు. చొక్కాలు చిరగలేదు. రెండు ప్లేట్లతో వచ్చిన ఆహారమంత్రి కూడా, ఆ చిరునవ్వు ఎదుట నిలవలేక ఒకటి తిరిగి పెట్టేశాడు. ఏడేళ్ళలో తొలిసారి చివరి మనిషికి కూడా కోడికాలు దక్కింది.

విందు ముగిసింది. లస్మయ్య తిరిగి అద్దాల తలుపు చేరుకున్నాడు. గండం గడిచిందనుకుని, రాజవ్వ ఎదురుచూస్తుంటుందని ఫోనుకు ప్రాణం పోసి మళ్ళీ టోపీలో పెట్టుకున్నాడు. అతిథులు వెళ్ళిపోయారు. ఫ్లెక్సీని మోసుకొచ్చి అద్దానికి ఆనించి, రవాణామంత్రి వ్యాను కోసం పోయాడు. విజయరత్నం బయటికి వచ్చి, నకిలీతో పరువు దక్కింది గనుక ఇక అసలాయనను నిలదీయవచ్చునని, ఫోను తీసి ఇరవైయొకటవసారి నొక్కాడు.

లస్మయ్య టోపీ మోగింది.

మోగడమే కాదు, వణికింది. జరీతీగల నడుమ కోడిపుంజు కూసింది. రాజవ్వ ముచ్చటపడి పెట్టించిన కూత అది. విజయరత్నం ఫోను ఆపాడు. కోడి ఆగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కూసింది. ఇక దాచేదేమీ లేక లస్మయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోను తెరమీద విజయరత్నం సార్ అన్న పేరు వెలుగుతోంది. పక్కనే అద్దానికి ఆనిన ఫ్లెక్సీ నవ్వుతోంది. విజయరత్నం ఫ్లెక్సీని చూశాడు. మనిషిని చూశాడు. మళ్ళీ ఫ్లెక్సీని చూశాడు. ఆరడుగుల దూరంలో అర్ఫాత్ నిలబడి ఉన్నాడు.

ఒక్క కేక చాలు లస్మయ్యను విమానం ఎక్కించడానికి. ఆ కేక విజయరత్నం గొంతుదాకా వచ్చింది కూడా. కాని గొంతులో ముందే ఒక చేపల పులుసు ఉంది. ఇరవై శుక్రవారాల భోజనాలున్నాయి. రెండువందల మంది సాక్షులున్నారు. కేకకు చోటు చాలలేదు.

ఆయన మెల్లగా ఫోను చెవికి ఆనించుకున్నాడు. లస్మయ్య కూడా పచ్చగుర్తు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. ఇద్దరి మధ్య దూరం రెండు మూరలు.

"హలో. జనరల్ గారేనాండీ?"

"ఆఁ, చెప్పుండ్రి."

"మీరు రాలేదు."

"ఒచ్చిన సార్. పొద్దుగాల్నుంచి తలుపు కాడనే ఉన్న. గని మీరు నా కోసమే ఎదురుచూస్తుంటిరి, నడుమల నేనెట్ల అడ్డం రావాలె?"

విజయరత్నం అర్ఫాత్‌కు కనబడకుండా ఫ్లెక్సీ మీది ముఖానికి అడ్డంగా జరిగి నిలబడ్డాడు. "అల్ అజీజియా..." అని మొదలుపెట్టి మింగాడు.

"నాకాడ ఇల్లు లేదు సార్. బర్వాల మంచం ఉన్నది, కిందిది. శుక్రారం పప్పుచారు వండుకుంటం. వస్తరా?"

"వస్తానండీ," అన్నాడు విజయరత్నం. ఒక క్షణం ఆగి, "ఎప్పట్లాగే," అని చేర్చాడు.

అర్ఫాత్ అప్పటికే దగ్గరికి వచ్చి, డ్యూటీలో ఫోనేమిటని లస్మయ్యను నిలదీశాడు. విజయరత్నం ఫోను చేత్తో మూసి, తమ రక్షణమంత్రితో మాట్లాడుతున్నాననీ, లైను తెగితే మీ మనిషే సాయం చేశాడనీ, ఇటువంటి ద్వారపాలకుడు ఉండడం హోటలు అదృష్టమనీ చెప్పాడు. ఆ రోజు ఆయన నోటివెంట వచ్చిన మాటల్లో చివరిదొక్కటే నిజం. అర్ఫాత్ సంతోషించి, లస్మయ్య పేరు ఉత్తమ ఉద్యోగుల పలకమీద రాయించాడు. ఫొటోతో సహా.

మరుసటి శుక్రవారం విజయరత్నం బర్వా అల్ బరాహాకు వచ్చాడు. సుకుమారి గోంగూర రొయ్యల డబ్బా పంపింది. ఆ గోంగూరతోపాటు, ఫ్లెక్సీలో కన్నా ఎదురుగానే ఆయన బాగున్నారని చెప్పమని ఒక మాట కూడా పంపింది. ఆరు మంచాల గదిలో కిందిమంచం మీద కూర్చుని విజయరత్నం మూడుసార్లు పప్పుచారు వేయించుకున్నాడు. మంచానికి కట్టిన పూలపరదా మాత్రమే పడేటట్టు ఒక ఫొటో తీసుకుని, జనరల్‌గారింట విందు అని మహామండలికి పంపాడు. ఈసారి అందులో అక్షరం అబద్ధం లేదు.

"మూలకు నా ఇస్త్రీ పెట్టె పడ్డది సార్. తీసేద్దమా?" అని గౌస్ అడిగాడు.

"ఉండనివ్వండి గౌస్ గారూ. అడిగితే ఆయుధమంటాను."

తిన్నాక ఆయన సెలవు తీసుకుని లేచాడు. గది తలుపు దాకా నడిచి, అక్కడ ఆగాడు. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. లస్మయ్య ఎడమచేత్తో కంచం పట్టుకుని చారు జుర్రుతున్నాడు. ఆ రోజు అతనికి సెలవు. గౌస్ పైమంచం ఎక్కేశాడు. తలుపు తనంతట తాను తెరుచుకోలేదు. కాసేపటికి విషయం అర్థమై, విజయరత్నం స్వయంగా గొళ్ళెం తీశాడు.

అదే సమయంలో డ్యూటీ దిగిన నలుగురు అలసిపోయి గదిలోకి వస్తున్నారు. ఆయన తలుపు పట్టుకుని పక్కకు ఒదిగి నిలబడ్డాడు. నలుగురూ ఆయన ముఖంవైపు చూడకుండానే, థాంక్యూ అంటూ లోపలికి దాటిపోయారు.

ఈ కథను విన్నవారికి, వినిపించినవారికి, వింటూ నిద్రపోయినవారికి కూడా కమలనాభుడు మూసిన తలుపులన్నీ తెరిపించుగాక. తెరిచిన చేతికి పైన ఒక ముఖం ఉంటుందని చూసే కన్నులనిచ్చుగాక. ఎవరి టోపీ ఎక్కడ మోగవలసి ఉన్నదో, అది నవ్వులపాలయ్యే చోటనే మోగి, కన్నీళ్ళపాలయ్యే చోట మౌనంగా ఉండుగాక. సర్వే జనాః సుఖినో భవంతు.